ఒకే స్క్రిప్ట్, రెండు మెష్‌లు: క్లీనప్ సెట్టింగులను సాఫ్ట్‌వేర్‌నే అడిగిన కేసు

జీడిమెట్లలో సెంట్రిఫ్యూగల్ పంపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి మాదాపూర్ నుంచి మేం స్ట్రెస్ అనాలిసిస్ చేసి ఇస్తుంటాం. అంటే క్యాడ్ ఆకారాన్ని మెష్ అనే చిన్న ముక్కల వలగా విడగొట్టి, ఏ చోట ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం. ఈ కేసు వాళ్ల పంపు కేసింగ్ ఒకదాని గురించి. రేటింగ్ 16 బార్. హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 24 బార్. మెటీరియల్ ఎస్‌జీ ఐరన్ (ఒక రకం పోత ఇనుము), 400/15 గ్రేడ్. దాని ప్రూఫ్ స్ట్రెస్, అంటే లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, 250 మెగాపాస్కల్. అందులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 167 దాటకూడదన్నది వాళ్లు పెట్టుకున్న హద్దు.

మొదటి రిపోర్టులో గరిష్ఠ స్ట్రెస్ కట్‌వాటర్ (కేసింగ్ లోపల నీరు బయటికి మళ్లే చోట ఉండే గోడ మొన) దగ్గరి ఫిల్లెట్‌లో, అంటే గుండ్రం చేసిన మూలలో, 118 వచ్చింది. పాస్. ఆ తర్వాత గోడ మందం మార్చి మరికొన్ని వేరియంట్లు పంపారు. వాటన్నిటినీ రాత్రి బ్యాచ్‌లో పెట్టి, పోల్చుకోవడానికి పాత కేసింగ్‌ను కూడా కలిపాం. ఏమీ మారని ఆ పాత కేసింగ్‌కే ఈసారి 171 వచ్చింది. హద్దు దాటింది, అంటే ఫెయిల్.

రెండో రిపోర్టు చూసి వాళ్ల డిజైన్ ఇంజనీర్ గారు ఫోన్ చేశారు. "సార్, ప్యాటర్న్ (పోత నమూనా) షాపుకి డ్రాయింగ్ ఇచ్చేశాం. ఇప్పుడు ఇది పాసా, ఫెయిలా?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. లోడ్ అదే, మెటీరియల్ అదే, క్యాడ్ నుంచి 3డి ఆకారాన్ని తెచ్చే స్టెప్ ఫైల్ అదే. రెండు జవాబులు ఎలా వస్తాయి?

ఏమేం కొట్టేశాం

మెష్ వేసేది జీమెష్, ఆ మెష్ మీద స్ట్రెస్ లెక్కకట్టే సాల్వర్ క్యాల్క్యులిక్స్. రెండూ ఓపెన్ సోర్సే. జీమెష్‌ను పైథాన్ నుంచి నడుపుతాం: స్టెప్ ఫైల్ దిగుమతి చేసుకోవడం, 5 మిల్లీమీటర్ల సైజుతో రెండో ఆర్డర్ టెట్రా మెష్ (నాలుగు ముఖాల ముక్కలు, మూలల్లోనే కాక అంచుల మధ్యలో కూడా నోడ్లు అనే బిందువులు) వేయడం, సాల్వర్‌కి కావలసిన ఫార్మాట్‌లో రాయడం. స్క్రిప్ట్ చాలా చిన్నది.

ఇలాంటి సందర్భాల్లో అందరూ ముందు అనుమానించేది వెర్షన్‌ని. ఇక్కడ ఆ అవకాశం లేదు, ఎందుకంటే వర్క్‌స్టేషన్ ఒకటే. పగలు మా కుర్రాడు కూర్చుని నడిపిందీ, రాత్రి షెడ్యూలర్ నడిపిందీ అదే ఉబుంటు మెషీన్‌లో, అదే ఇన్‌స్టలేషన్‌తో. స్టెప్ ఫైల్ మారిందేమోనని చెక్‌సమ్ చూశాం, రెండూ ఒకటే. స్క్రిప్ట్ రిపాజిటరీలోంచి వస్తుంది కాబట్టి అదీ ఒకటే.

"అన్నా, రెండు చోట్లా అదే స్క్రిప్ట్. నేనేం ముట్టలేదు" అన్నాడు మావాడు. వాడు చెప్పింది నిజమే.

తర్వాత సాల్వర్ సంగతి చూశాం. రెండు మెష్ ఫైళ్లనూ ఒకే చోట, వెంటవెంటనే సాల్వ్ చేస్తే మళ్లీ 118, 171 వచ్చాయి. అంటే తేడా మెష్‌లోనే ఉంది. రెండింటినీ పక్కపక్కన తెరిస్తే కట్‌వాటర్ దగ్గర కంటికే కనిపించింది. పగటి మెష్‌లో ఫిల్లెట్ మీద త్రిభుజాలు పొందిగ్గా ఉన్నాయి. రాత్రి మెష్‌లో ఫిల్లెట్ అంచు వెంబడి సూదుల్లాంటి త్రిభుజాల వరుస ఒకటి ఉంది. క్యాడ్‌లో డ్రాఫ్ట్ (ప్యాటర్న్ అచ్చులోంచి తేలిగ్గా రావడానికి ఇచ్చే వాలు) ఇచ్చిన గోడ, ఫిల్లెట్ కలిసే చోట 0.1 మిల్లీమీటరు వెడల్పున్న స్లివర్ ఫేస్ మిగిలిపోయింది. కాస్టింగ్ మోడళ్లలో ఇది మామూలే. 5 మిల్లీమీటర్ల మెష్ ఆ సన్నటి పట్టీ మీద పడితే యాభైకి ఒకటి నిష్పత్తిలో సాగిన త్రిభుజాలే వస్తాయి. టెట్రా ఆప్టిమైజర్ కూడా దీన్ని బాగు చేయలేదు. అది లోపలి నోడ్లనే సర్దుతుంది, ఉపరితలం మెష్ జోలికి పోదు. అలాంటి ఎలిమెంట్ల నుంచి నోడ్ దగ్గరికి లాగిన స్ట్రెస్ అంకెను నమ్మడం కష్టం.

సరే, రాత్రి మెష్ ఎందుకు చెడిందో తెలిసింది. పగటి మెష్ ఎందుకు బాగుంది? దానికీ అదే స్లివర్ ఉన్న స్టెప్ ఫైలే ఇచ్చాం కదా. అసలు ప్రశ్న అదే అయింది. ఎక్కడో ఏదో ఆ ఫేస్‌ను తీసేస్తోంది. స్క్రిప్ట్‌లో మాత్రం దిగుమతికి ముందు అలాంటి లైన్ ఒక్కటీ లేదు.

అడగడం ఎలా

సెట్టింగును మార్చే కమాండ్లు అందరికీ తెలుసు. తిరిగి అడిగే కమాండ్లను వాడేవాళ్లు తక్కువ. జీమెష్ పైథాన్‌లో సంఖ్య రూపంలో ఉండే ఆప్షన్‌ను అడగడానికి జీమెష్.ఆప్షన్.గెట్‌నంబర్, అక్షరాల రూపంలో ఉండేదానికి జీమెష్.ఆప్షన్.గెట్‌స్ట్రింగ్ ఉన్నాయి. (పేర్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేది ఇంగ్లీషులోనే. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా కూడా తప్పకూడదు.) గెట్‌నంబర్ ఎప్పుడూ దశాంశ సంఖ్యనే ఇస్తుంది కాబట్టి అవును, కాదు అనే ఆప్షన్లు కూడా 1.0, 0.0 గా వస్తాయి. పేరు తప్పు రాస్తే ఎక్సెప్షన్ వస్తుంది. అది మంచిదే. నోరుమూసుకుని సున్నా ఇచ్చి ఉంటే ఇంకా ఇబ్బంది అయ్యేది.

అన్ని ఆప్షన్లనూ ఒకేసారి దించుకోవాలంటే ఇంకో దారి ఉంది. జీమెష్.రైట్‌కి ఓపీటీ పొడిగింపు ఉన్న ఫైల్ పేరు ఇస్తే ఆ క్షణాన ఉన్న ఆప్షన్లన్నీ అందులో రాసిపెడుతుంది. కిటికీ ఉన్న వెర్షన్‌లో అయితే హెల్ప్ మెనూలో ప్రస్తుత ఆప్షన్లు చూపించే పేజీ ఉంటుంది. ముందు అలాగే దించి చూశాం. కానీ ఆ ఫైల్ చాంతాడంత ఉంటుంది. రంగులు, ఫాంట్లు, కిటికీ స్క్రీన్ మీద ఎక్కడ తెరుచుకోవాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. రెండు ఫైళ్ల తేడా తీస్తే అసలు విషయం ఆ చెత్తలో మునిగిపోతుంది. దించుకోవడం తేలికే, చదివేవాడికే ఓపిక ఉండాలి. అందుకని మెష్‌ను నిజంగా మార్చగలిగే పేర్లతోనే పొట్టి జాబితా ఒకటి రాసుకున్నాం.

క్లీనప్ వైపు, అంటే దిగుమతైన ఆకారంలోని చిన్న లోపాలను బాగుచేసే వైపు, ముఖ్యమైనవి జామెట్రీ విభాగంలో ఉంటాయి. ఎంతకంటే చిన్న తేడాను లెక్కచేయకూడదో చెప్పే జామెట్రీ.టాలరెన్స్ డిఫాల్ట్ 0.00000001. ఓసీసీఫిక్స్‌డీజెనరేటెడ్, ఓసీసీఫిక్స్‌స్మాల్ఎడ్జెస్, ఓసీసీఫిక్స్‌స్మాల్‌ఫేసెస్, ఓసీసీసోఫేసెస్, ఓసీసీమేక్‌సాలిడ్స్, ఈ ఐదూ డిఫాల్ట్‌గా సున్నా, అంటే ఆఫ్. ఓసీసీ అంటే కింద జ్యామితిని నడిపే ఓపెన్ క్యాస్కేడ్ కెర్నెల్. మెష్ విభాగంలో మెష్‌సైజ్‌మిన్, మెష్‌సైజ్‌మ్యాక్స్, మెష్‌సైజ్‌ఫ్రమ్‌కర్వేచర్, అల్గారిథమ్, అల్గారిథమ్3డి, ఆప్టిమైజ్, ఆప్టిమైజ్‌థ్రెషోల్డ్. చివరి రెంటికీ డిఫాల్ట్ విలువలు 1, 0.3. అంటే 0.3 కంటే తక్కువ క్వాలిటీ ఉన్న టెట్రాలను బాగుచేయడానికి ప్రయత్నిస్తుంది.

గెట్‌స్ట్రింగ్‌తో అడగాల్సింది ఒక్కటే అయినా దాన్ని మరిచిపోకూడదు: జామెట్రీ.ఓసీసీటార్గెట్‌యూనిట్. స్టెప్ ఫైల్‌ను ఏ కొలతలోకి మార్చి దింపాలో చెప్పేది అది. ఖాళీగా ఉంటే ఓపెన్ క్యాస్కేడ్ తన అలవాటు ప్రకారం మిల్లీమీటర్లలో దింపుతుంది. ఎవరైనా మీటర్లు పెట్టారనుకోండి, 0.2 అనే టాలరెన్స్ 0.2 మిల్లీమీటర్ల నుంచి 200 మిల్లీమీటర్లయి కూర్చుంటుంది. టాలరెన్స్ అంకెను కొలత తెలియకుండా లాగ్‌లో రాయడం కంటే రాయకపోవడమే మేలు.

మూడు చోట్ల అడిగితే దొరికింది

ఆ జాబితాను ఒక ఫంక్షన్‌లో పెట్టి, స్క్రిప్ట్ చివర ఒకసారి పిలిచి, రెండు రన్‌ల ప్రింట్‌ను పోల్చాం. రెండు తేడాలు కనిపించాయి. పగటి రన్‌లో టాలరెన్స్ 0.2, రాత్రి రన్‌లో డిఫాల్ట్. పగటి రన్‌లో స్మాల్‌ఫేసెస్ 1, రాత్రి రన్‌లో 0. స్మాల్ఎడ్జెస్ మాత్రం రెండింటిలోనూ 1.

0.2 ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. జీమెష్ మొదలయ్యేటప్పుడు యూజర్ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే రెండు కాన్ఫిగరేషన్ ఫైళ్లను చదువుతుంది: ఒకటి సెషన్‌ది, ఇంకోటి ఆప్షన్లది. పైథాన్ నుంచి జీమెష్.ఇనిషియలైజ్ పిలిచినా చదువుతుంది. దాని రెండో ఆర్గ్యుమెంట్, రీడ్‌కాన్ఫిగ్‌ఫైల్స్, మనం వద్దంటే తప్ప ట్రూ. పగటి రన్ జరిగిన లాగిన్‌లో ఎప్పుడో వేరే ప్రాజెక్టు కోసం ఎవరో కిటికీలో ఈ రెండు ఆప్షన్లూ మార్చి, డిఫాల్ట్‌గా సేవ్ చేసుకున్నారు. ఆ ఫైల్ అక్కడే ఉండిపోయింది. రాత్రి షెడ్యూలర్ నడిచేది వేరే యూజర్ పేరు మీద. దాని హోమ్ ఫోల్డర్‌లో ఆ ఫైలే లేదు. మెషీన్ ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే, యూజర్ వేరు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. కానీ స్మాల్ఎడ్జెస్ రెండు చోట్లా 1 ఉండటం నాకు మింగుడుపడలేదు. డిఫాల్ట్ సున్నా కదా, రాత్రి యూజర్‌కి కాన్ఫిగ్ ఫైలే లేదు కదా, ఆ 1 ఎవరు పెట్టారు? అందుకే అదే ఫంక్షన్‌ను మూడు చోట్ల పిలిచాం: ఇనిషియలైజ్ అవగానే, స్టెప్ దిగుమతికి సరిగ్గా ముందు, మెష్.జెనరేట్‌కి ముందు. రాత్రి యూజర్ పేరుతో నడిపితే మొదటి రెండు చోట్లా స్మాల్ఎడ్జెస్ సున్నా. మూడో చోట 1. స్క్రిప్ట్‌లో వెతికితే ఆ ఆప్షన్‌ను 1 చేసే లైన్ ఉంది, కానీ దిగుమతి లైన్ కింద.

ఓసీసీఫిక్స్ వరుసలోని ఆప్షన్లు పనిచేసేది ఫైల్ లోపలికి వచ్చేటప్పుడే. ఆకారం చదివి, ఆ క్షణాన ఉన్న టాలరెన్స్‌తో, ఆన్‌లో ఉన్న రిపేర్లు చేసి, మోడల్‌కి అందిస్తుంది. దిగుమతి అయ్యాక ఆన్ చేయడం ఇడ్లీ ఉడికాక పిండిలో ఉప్పు వేయడం లాంటిది. అయినా గెట్‌నంబర్ మాత్రం 1 అనే చెబుతుంది. దానిలో అబద్ధం లేదు, ఆప్షన్ విలువ నిజంగానే 1. మనం అడిగిన సమయం తప్పు. చివర ఒక్కసారి అడిగి లాగ్ తీసి ఉంటే, చిన్న ఎడ్జ్‌లు బాగుచేశామని రిపోర్టులో రాసేవాళ్లం, జ్యామితిలో మాత్రం ఏమీ జరిగి ఉండదు.

ఇంకో మాట. దిగుమతికి ముందే ఆన్ చేసినా డిఫాల్ట్ టాలరెన్స్‌తో దాని వల్ల కాస్టింగ్‌కి ఒరిగేదేమీ లేదు. ఓపెన్ క్యాస్కేడ్ తనకు తాను రెండు బిందువులు ఒకటేనని అనుకునే దూరం 0.0000001. జీమెష్ డిఫాల్ట్ దానిలో పదో వంతు. 0.1 మిల్లీమీటరు పట్టీని అది చిన్నదిగా ఎందుకు చూస్తుంది? ఫ్లాగ్, టాలరెన్స్ రెండూ జంటగా అడగాలి. ఒకటి తెలిసి ఇంకోటి తెలియకపోతే ఏమీ తెలియనట్టే.

లాగ్ ఎందుకు చెప్పలేదు

ఇక్కడో చిన్న పక్కదారి. దిగుమతి సమయంలో రిపేర్ జరిగితే జీమెష్ ఏ టాలరెన్స్‌తో చేస్తోందో ఒక సమాచారం లైన్‌గా ప్రింట్ చేస్తుంది. పగటి రన్‌లో ఆ లైన్ వచ్చి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది. కానీ లాగ్ ఫైళ్లు పెరిగిపోతున్నాయని స్క్రిప్ట్‌లో జనరల్.వెర్బోసిటీ 2 పెట్టి ఉంది. 2 అంటే ఎర్రర్లు, వార్నింగులు మాత్రమే. మామూలు సమాచారం 4 నుంచి కనిపిస్తుంది, డిఫాల్ట్ 5. డిస్క్ మీద కొన్ని కిలోబైట్లు మిగుల్చుకోబోయి పోగొట్టుకున్నది ఇదీ. తెర మీద గోల వద్దనుకుంటే జీమెష్.లాగర్.స్టార్ట్, జీమెష్.లాగర్.గెట్‌తో సందేశాలను స్క్రిప్ట్‌లోకే తెచ్చుకుని ఫైల్‌లో పెట్టుకోవచ్చు. వెర్బోసిటీని కూడా మా జాబితాలో చేర్చాం. అది మెష్‌ను మార్చదు, కానీ లాగ్‌లో లైన్ లేకపోతే పని జరగలేదా, చెప్పలేదా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది.

విలువ తెలిసినా చాలని చోట్లు

ఆప్షన్‌ను అడగగానే జరిగింది తెలిసిపోయిందనుకోవడం పొరపాటని స్మాల్ఎడ్జెస్ చూపించింది. అలాంటివి ఇంకో రెండు మా జాబితా పనిలో తగిలాయి.

మొదటిది జామెట్రీ.ఆటోకోహెరెన్స్. డిఫాల్ట్ 1. డూప్లికేట్ ఎంటిటీలను ఆటోమేటిగ్గా తీసేయాలా అని దాని అర్థం. కేసింగ్‌కి కవర్ బిగించిన అసెంబ్లీ ఒకటి చేస్తుండగా, "డూప్లికేట్లు తీసే ఆప్షన్ ఆన్‌లోనే ఉంది కదా, మధ్య ఫేస్ రెండుసార్లు ఎందుకొస్తోంది" అని మావాడు తల పట్టుకున్నాడు. ఆ ఆప్షన్ జీమెష్ సొంత జ్యామితి కెర్నెల్‌కి మాత్రమే. ఓపెన్ క్యాస్కేడ్ మోడల్ మీద దానికి ఏ ప్రభావమూ లేదు. స్టెప్ నుంచి వచ్చిన అసెంబ్లీలో పక్కపక్క సాలిడ్లు ఫేస్ పంచుకోవాలంటే ఓసీసీ వైపు ఫ్రాగ్మెంట్ (కలిసే చోట ముక్కలు చేసి ఉమ్మడి ఫేస్ ఉంచడం) చేయాలి, లేదా రిమూవ్‌ఆల్‌డూప్లికేట్స్ పిలవాలి. అడిగిన విలువ సరైనదే. మన మోడల్‌కి వర్తించదంతే.

రెండోది దీనికి తలకిందులు. ఓసీసీ.హీల్‌షేప్స్ అనే ఫంక్షన్ దిగుమతి తర్వాత కూడా రిపేర్ చేయగలదు. టాలరెన్స్‌ని, ఏయే రిపేర్లు కావాలన్నదాన్ని అది తన సొంత ఆర్గ్యుమెంట్లుగా తీసుకుంటుంది. పైగా ఏమీ ఇవ్వకపోతే అన్ని రిపేర్లూ ఆన్‌లోనే ఉంటాయి, టాలరెన్స్ మాత్రం ఆ పాత 0.00000001. స్క్రిప్ట్‌లో ఎవరైనా హీల్‌షేప్స్‌ను 0.2 తో పిలిస్తే జ్యామితి మారుతుంది, గెట్‌నంబర్ అడిగితే మాత్రం అన్నీ సున్నాలే. ఆప్షన్లలో దాని జాడ కూడా ఉండదు.

అందుకని ఆప్షన్లతో పాటు ఫలితాన్ని కూడా అడగడం మొదలుపెట్టాం. జీమెష్.మోడల్.గెట్ఎంటిటీస్‌కి 2 ఇస్తే ఫేస్‌ల జాబితా, 1 ఇస్తే ఎడ్జ్‌ల జాబితా వస్తాయి. ఓసీసీ.గెట్‌మాస్‌కి ఫేస్ నంబర్ ఇస్తే వైశాల్యం, ఎడ్జ్ నంబర్ ఇస్తే పొడవు. పేరు మాస్ అని ఉంది కానీ రెండు కొలతల వస్తువుకి అది వైశాల్యమే. ఫేస్‌ల సంఖ్య, అన్నిటికంటే చిన్న ఫేస్ వైశాల్యం, అన్నిటికంటే పొట్టి ఎడ్జ్ పొడవు, ఈ మూడూ లాగ్‌లోకి వెళ్తాయి. మెష్ అయ్యాక గెట్‌ఎలిమెంట్‌క్వాలిటీస్‌తో మినిమమ్ ఎస్ఐసీఎన్ (ఎలిమెంట్ ఆకారం ఎంత బాగుందో చెప్పే కొలత) తీస్తాం. ఎలిమెంట్ తలకిందులైతే అది మైనస్‌లోకి పోతుంది, కాబట్టి ఒక్క అంకెతోనే చాలా తెలుస్తుంది.

పొట్టి ఎడ్జ్ చూస్తే స్లివర్ దొరకదని గుర్తుపెట్టుకోండి. మా పట్టీకి ఒక చివర పొట్టి ఎడ్జే లేదు, రెండు పొడుగు ఎడ్జ్‌లు కత్తి మొనలా కలిసిపోయాయి. దాన్ని పట్టించింది వైశాల్యాన్ని చుట్టుకొలతతో భాగించిన లెక్క. వైశాల్యాన్ని చుట్టూ ఉన్న ఎడ్జ్‌ల మొత్తం పొడవులో సగంతో భాగిస్తే పట్టీ వెడల్పు దాదాపుగా వస్తుంది. ఫేస్ చుట్టూ ఉన్న ఎడ్జ్‌లను మోడల్.గెట్‌బౌండరీ ఇస్తుంది. ఆ లెక్కలో అర మిల్లీమీటరు కంటే సన్నగా తేలిన ప్రతి ఫేస్ నంబర్‌నూ ఇప్పుడు ప్రింట్ చేస్తున్నాం.

పగటి మెష్ కూడా అమాయకురాలు కాదు

ఈ లెక్కలను పగటి మోడల్ మీద నడిపేసరికి ఇంకో సంగతి బయటపడింది. 0.2 టాలరెన్స్ కట్‌వాటర్ స్లివర్‌ను తీసేసింది, నిజమే. దాంతో పాటు వేర్ రింగ్ (కేసింగ్ బదులు తాను అరిగే, మార్చుకోగల రింగు) కూర్చునే బోర్ దగ్గర కావాలని ఇచ్చిన 0.15 మిల్లీమీటర్ల మెట్టును కూడా తీసేసింది. అది డ్రాయింగ్‌లో ఉన్న ఫీచర్. సాఫ్ట్‌వేర్ కళ్లకు స్లివర్ ఒకటే, మెట్టు ఒకటే. రెండూ సన్నటి పట్టీలే. ఈ అనాలిసిస్‌లో మెట్టు దగ్గర స్ట్రెస్ తక్కువ కాబట్టి నష్టం కనిపించలేదు. రేపు ఆ రింగ్ ఫిట్ మీద కాంటాక్ట్ అనాలిసిస్ అడిగితే, మనం లెక్క కట్టేది వాళ్లు తయారుచేయని వస్తువుకి అవుతుంది. అంతేకాదు, స్లివర్‌ను మింగేటప్పుడు ఫిల్లెట్ అంచు కూడా కొంచెం జరిగింది.

కాబట్టి 171 తప్పయితే 118 ఒప్పని చెప్పడానికి లేదు. క్లయింట్‌కి అదే చెప్పాం. ఆయనకు నచ్చలేదు, ఎవరికి నచ్చుతుంది? "మరి నేను మా ఎండీ గారికి ఏం చెప్పాలి సార్" అన్నారు. రెండు రోజుల్లో ఒకే అంకె ఇస్తామని చెప్పి పెట్టేశాం.

గ్లోబల్ టాలరెన్స్ పెంచి క్లీనప్ చేయడం నాకు ఎప్పుడూ నచ్చదు. మోడల్ మొత్తానికి ఒకే కత్తెర పెడుతుంది కాబట్టి. ఇక్కడ చేసింది వేరు. రిపేర్లన్నీ ఆఫ్ చేసి, టాలరెన్స్ డిఫాల్ట్‌లోనే ఉంచి, స్లివర్ ఫేస్‌ను దాని పక్క ఫిల్లెట్ ఫేస్‌తో కలిపి ఒకే ఫేస్‌గా మెష్ చేయమన్నాం. మెష్.సెట్‌కాంపౌండ్‌కి 2 అనే డైమెన్షన్, ఆ రెండు ఫేస్ నంబర్లు ఇస్తే చాలు. జ్యామితిలో ఏదీ పోదు, మధ్య ఎడ్జ్ మీద నోడ్లు పెట్టాలన్న నిర్బంధం మాత్రం పోతుంది. సూదులు మాయమయ్యాయి, వేర్ రింగ్ మెట్టు ఉన్నచోటే ఉంది. ఫిల్లెట్ దగ్గర స్ట్రెస్ 126. అక్కడ మెష్ సైజు సగం చేస్తే 129. ఇంకా సగం చేసినా పెద్దగా కదలలేదు. ఆ అంకె ఇచ్చాం. 167 లోపే ఉంది కాబట్టి ప్యాటర్న్ షాపుకి వెళ్లిన డ్రాయింగ్ మార్చే పని పడలేదు.

సెట్‌కాంపౌండ్‌కి ఒక బలహీనత ఉంది: ఫేస్ నంబర్లు స్క్రిప్ట్‌లో రాసిపెడితే, వాళ్లు మోడల్ మార్చి కొత్త స్టెప్ పంపినప్పుడు ఆ నంబర్లు మారిపోవచ్చు. అందుకే నంబర్లు రాయకుండా, వెడల్పు లెక్కతో సన్నటి ఫేస్‌లను వెతికి, కలపాలా వద్దా అన్నది మాత్రం మనిషే చూసి చెప్పేలా పెట్టాం. దీన్ని పూర్తిగా ఆటోమేట్ చేయమని మావాడు పోరుతున్నాడు. నేను ఒప్పుకోలేదు. మెట్టుకీ స్లివర్‌కీ తేడా డ్రాయింగ్ చూసినవాడికే తెలుస్తుంది.

హైపర్‌మెష్ వాడేవాళ్ల కోసం

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది హైపర్‌మెష్. అది కూడా మెష్ వేసే సాఫ్ట్‌వేరే. అక్కడ స్క్రిప్టింగ్ ఎక్కువగా టీసీఎల్ భాషలో. అడిగే కమాండ్ల పేర్లు హెచ్ఎం_ అని మొదలవుతాయి. వాటిలో హెచ్ఎం_గెట్‌ఆప్షన్‌కి ఆప్షన్ పేరు ఇస్తే ప్రస్తుత విలువ తిరిగొస్తుంది. జ్యామితి క్లీనప్ టాలరెన్స్, నోడ్ టాలరెన్స్ వంటివి ఇలా అడగొచ్చు. మార్చే కమాండ్లు నక్షత్రం గుర్తుతో మొదలవుతాయి కాబట్టి, స్క్రిప్ట్ చదివేటప్పుడు ఏది అడుగుతోందో, ఏది మారుస్తోందో చాలావరకు చూడగానే తెలుస్తుంది. ఈ పద్ధతి నాకు ఇష్టం.

పాత సెట్టింగులు అతుక్కుని ఉండటం అక్కడా ఉంది. ప్యానెళ్లలో చివరిసారి పెట్టిన విలువలు హెచ్ఎంమెనూ.సెట్ అనే ఫైల్‌లో మిగిలి, తర్వాతి సెషన్‌కి వచ్చేస్తాయి. విచిత్రంగా ప్రవర్తిస్తే ఆ ఫైల్ తీసేసి మళ్లీ తెరవమని సీనియర్లు చెప్పేది అందుకే. బ్యాచ్‌మెషర్ (మనిషి లేకుండా మెష్ వేసే దాని తోడు ప్రోగ్రామ్) వాడితే మాత్రం కాస్త నయం. మెష్ క్వాలిటీ నియమాలు క్రైటీరియా ఫైల్‌లో, క్లీనప్ నియమాలు పారామీటర్ ఫైల్‌లో బయటే ఉంటాయి. ఆ రెండు ఫైళ్లనూ మెష్‌తో పాటు దాచుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఇప్పుడు స్క్రిప్ట్ చేసే పని

జీమెష్ వైపు మార్పులు చిన్నవే. ఇనిషియలైజ్‌కి రీడ్‌కాన్ఫిగ్‌ఫైల్స్ ఫాల్స్ ఇస్తాం, దాంతో ఎవరి హోమ్ ఫోల్డర్‌లో ఏముందన్న గొడవ లేదు. స్టెప్ ఫైల్ పక్కన అదే పేరుతో ఓపీటీ ఫైల్ ఏదైనా ఉందేమో చూసి, ఉంటే రన్ ఆపేస్తాం. మోడల్‌తో పాటు సేవ్ చేసిన ఆప్షన్లు ఆ దారిన కూడా లోపలికి రాగలవు. జాబితాలోని ప్రతి ఆప్షన్‌నూ, డిఫాల్ట్ విలువే అయినా సరే, దిగుమతికి ముందే స్పష్టంగా సెట్ చేస్తాం. వెంటనే తిరిగి అడుగుతాం. పెట్టిందీ వచ్చిందీ తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది.

ఒకే సెషన్‌లో వరసగా చాలా ఫైళ్లు నడిపేటప్పుడు ఇది మరీ అవసరం. జీమెష్.క్లియర్ మోడళ్లను తుడుస్తుంది, ఆప్షన్లను కాదు. మూడో ఫైల్ కోసం పెంచిన టాలరెన్స్ నాలుగో ఫైల్‌కి కూడా పనిచేస్తుంది. కొత్త వెర్షన్లలో ఆప్షన్లను డిఫాల్ట్‌కి తెచ్చే రిస్టోర్‌డిఫాల్ట్స్ ఉంది. పాత వెర్షన్ అయితే ఫైల్‌కొక ప్రాసెస్ మొదలుపెట్టడమే హాయి.

మూడు చోట్ల అడిగిన విలువలు, కొలత, వెర్షన్, ఫేస్‌ల లెక్క, సన్నటి ఫేస్‌ల వెడల్పులు, చివర క్వాలిటీ, అన్నీ ఒక జేసన్ ఫైల్‌గా మెష్ పక్కనే పడతాయి. రిపోర్టు చివరి పేజీలో అందులోంచి కొన్ని వరుసలు అతికిస్తున్నాం. జీడిమెట్ల ఇంజనీర్ గారు టాలరెన్స్ వరుసను పట్టించుకోలేదు కానీ, సన్నటి ఫేస్‌ల పట్టిక చూసి వాళ్ల క్యాడ్ కుర్రాడిని పిలిచారట. డ్రాఫ్ట్, ఫిల్లెట్ వరుస మార్చి కట్‌వాటర్ దగ్గర స్లివర్ లేకుండా కొత్త స్టెప్ పంపారు. దాన్ని నడిపితే కాంపౌండ్ అవసరం లేకుండానే దాదాపు అదే స్ట్రెస్ వచ్చింది. డ్రెయిన్ బాస్ (నీరు వదిలే రంధ్రం చుట్టూ ఉండే దిమ్మ) కింద మాత్రం 0.08 మిల్లీమీటర్ల కొత్త పట్టీ ఒకటి పట్టికలో తేలింది. అది స్ట్రెస్ లేని చోటే. అయినా ఫేస్ నంబర్, స్క్రీన్‌షాట్ పెట్టి వాళ్లకు తిరిగి పంపాం.